లోహానికీ పాలిమర్‌కూ ఒకే రంగు కుదిర్చే పద్ధతి

అమెరికాలో ఏఆర్-15 రకం రైఫిళ్లకు ఎక్కువమంది ఎంచుకునే రంగుల్లో ఫ్లాట్ డార్క్ ఎర్త్ ఒకటి. ఇది ఎండిన మట్టిని పోలిన గోధుమ రంగు. అదే పేరు చూసి ఒక సంస్థ చేసిన స్టాక్‌నూ (భుజానికి ఆనించే భాగం), మరో సంస్థ చేసిన హ్యాండ్‌గార్డ్‌నూ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు), ఇంకొక సంస్థ చేసిన రిసీవర్‌నూ (యంత్రాంగం ఇమిడే లోహపు మధ్యభాగం) కొని బిగిస్తే, మూడూ మూడు ఛాయల్లో కనిపించడం మామూలే. ఆ పేరుకు తయారీదారులందరూ కట్టుబడిన ప్రమాణమేదీ లేదు. అంతకంటే ముఖ్యంగా, పాలిమర్‌లో, అంటే ప్లాస్టిక్‌లో, రంగు పదార్థమంతటా కలిసిపోయి ఉంటుంది, లోహం మీద అది పైపూత మాత్రమే.

అల్యూమినియంకు అనోడైజింగ్ ద్వారా, అంటే విద్యుత్తుతో ఉపరితలం మీద ఆక్సైడ్ పొర పెంచి, రంగు పట్టించవచ్చు. అయితే 6061, 7075 అనే అల్యూమినియం మిశ్రమలోహాలను ఒకే తొట్టిలో ముంచినా ఛాయలు కలవకపోవచ్చు; పైగా గట్టి అనోడైజింగ్ పొరకే సొంతంగా బూడిద ఛాయ ఉండడం వల్ల లేత రంగులు దాని మీద మురికిగా తేలుతాయి. అందువల్ల పాలిమర్‌తో పోలిక కుదరాలంటే అనోడైజింగ్‌ను నమ్ముకోవడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం. సెరకోట్ వంటి సిరామిక్ పూతను స్ప్రే చేయడమే మేలు.

లోహానికి మాత్రమే పూత వేసి ప్లాస్టిక్‌కు సరిపెట్టాలా, రెండింటికీ వేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మొదటి దారికోసం సెరకోట్‌లో హెచ్-267 వంటి రంగులు ఉన్నాయి; అది తుపాకీ విడిభాగాలు చేసే మ్యాగ్‌పుల్ సంస్థ ఫ్లాట్ డార్క్ ఎర్త్ పేరుతోనే అమ్ముడవుతుంది. అంచుకు అంచు ఆనుకుని ఉండే భాగాలైతే రెండింటికీ ఒకే పూత వేయడమే మంచిది, ఎందుకంటే అక్కడ చిన్న తేడా కూడా కంటికి తగులుతుంది.

అసలు భాగాలను ముట్టుకోకముందు ఒక అల్యూమినియం తునక మీద, పాత తూటాల మ్యాగజైన్ అడుగు పలక వంటి పనికిరాని పాలిమర్ ముక్క మీద నమూనా వేయాలి. ఈ దశలో రంగు కంటే మెరుపే ఎక్కువగా మోసం చేస్తుంది: గరుకైన ప్లాస్టిక్ పక్కన అదే రంగు నున్నటి లోహం ముదురుగానో, తడిగా ఉన్నట్టో కనిపిస్తుంది. సెరకోట్ హెచ్ శ్రేణిలో పూతకూ గట్టిపరిచే ద్రవానికీ గల నిష్పత్తి 12:1 అయితే మెరుపు ఎక్కువ, 18:1 మధ్యస్థం, 24:1 అయితే తక్కువ. కాబట్టి పాళ్లు మార్చి రెండు మూడు నమూనాలు తీసి, పూర్తిగా గట్టిపడ్డాకే పోల్చాలి. కిటికీ పక్కన పగటి వెలుతురులో ఒకసారి, పసుపు దీపం కింద ఒకసారి, తెల్లని ఎల్‌ఈడీ కింద మరొకసారి చూడడం తప్పనిసరి, ఎందుకంటే ఒక వెలుతురులో ఒకటిగా కనిపించిన రెండు రంగులు మరో వెలుతురులో విడిపోతాయి.

తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, భాగాలు విడదీసి, బ్యారెల్ రంధ్రం, తూటా కూర్చునే చాంబర్, ట్రిగ్గర్ యంత్రాంగం పూత తగలకుండా మూసివేయాలి. లోహాన్ని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులను గాలి పీడనంతో చిమ్మి గరుకు పరచాలి (బ్లాస్టింగ్); పాలిమర్‌కు మాత్రం పీడనం బాగా తగ్గించాలి, లేదంటే ఉపరితలం పీచుగా లేస్తుంది. తర్వాత లోహాన్ని అసిటోన్‌తో జిడ్డు వదిలించి, లోపల ఇంకిన నూనె బయటపడేలా ఓవెన్‌లో వేడి చేయాలి. కొన్ని ప్లాస్టిక్‌లను అసిటోన్ కరిగించేస్తుంది, వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం క్షేమం. అక్కడి నుంచి చేతి తొడుగులు లేకుండా దేన్నీ పట్టుకోరాదు.

స్ప్రే చేసేటప్పుడు అన్ని భాగాలకూ ఒకే కప్పులో కలిపిన రంగునే వాడాలి. పలుచగా, ఒకే దూరం నుంచి వేస్తే పొర మందం సమంగా ఉంటుంది. సీరియల్ నంబరు మీద పూత గడ్డకట్టి చదవరాకుండా పోకూడదు. ఆవిరి పీల్చకుండా తగిన మాస్కు, గాలి పోయే ఏర్పాటు తప్పవు. లోహాన్ని దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు ఉంచితే చాలు, పాలిమర్‌ను మాత్రం తయారీదారు సూచన మేరకు 65 నుంచి 80 డిగ్రీల మధ్యే ఉంచాలి. వేడి ఎక్కువైతే లేత రంగులు పసుపుబారవచ్చు గనుక, ఏ భాగానికి ఏ వేడి ఇస్తారో దాని నమూనాకూ అదే వేడి ఇవ్వాలి. వంటకు వాడే ఓవెన్‌ను ఈ పనికి వాడవద్దు.

నమూనా ముక్కల వెనుక రంగు సంఖ్య, పాళ్లు, తేదీ, డబ్బా బ్యాచ్ రాసి దాచుకోవాలి. ఆరు నెలల తర్వాత కొత్త గ్రిప్ కొన్నప్పుడు దుకాణదారు చూపే రంగుల పట్టిక కంటే ఆ ముక్కనే పక్కన పెట్టి చూసుకోవడం నయం.