ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు హైవే రేంజి: మీ లెక్క మీరే వేసుకోండి

ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ ట్రక్కును పెద్ద బ్యాటరీతో కొన్నవారికి కొత్త బండి అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద 320 మైళ్ళ రేంజి, అంటే ఒకసారి నిండా చార్జ్ చేస్తే వెళ్ళగలిగే దూరం, కనిపిస్తుంది. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్‌కు సుమారు 265 మైళ్ళు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోవచ్చునని అనుకోవడం సహజమే గాని, ఆ దారిలోని ఐ-45 హైవే మీద గంటకు 75 మైళ్ళ వేగంతో నడిచే ట్రక్కు విషయంలో ఆ అంచనా నిలవదు. ఎలక్ట్రిక్ పికప్ కొన్నవారు, కొనబోతున్నవారు తమ ట్రక్కు అసలు రేంజిని తామే తేల్చుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలకు లైట్నింగ్‌ను తీసుకున్నా, ఇతర ఎలక్ట్రిక్ పికప్‌లైన రివియన్ ఆర్1టీకి, సిల్వరాడో ఈవీకి, సైబర్‌ట్రక్కుకు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

ముందు స్టిక్కర్‌ను సరిగా చదవాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్వహింపజేసే పరీక్షలో నగర ప్రయాణానికి 55 శాతం, హైవే ప్రయాణానికి 45 శాతం వాటా ఉంటుంది. ఆ హైవే పరీక్షలో సగటు వేగం గంటకు సుమారు 48 మైళ్ళు. గరిష్ఠ వేగం 60 దగ్గరే ఆగిపోతుంది. ప్రయోగశాలలో వచ్చిన ఫలితాన్ని సాధారణంగా 0.7తో గుణించి తగ్గిస్తారు కాబట్టి ఆ అంకె మరీ పనికిరానిది కాదు. అయితే పెట్రోలు బండికి భిన్నంగా ఎలక్ట్రిక్ బండి నగరంలోనే పొదుపుగా నడుస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత విద్యుత్తు బ్యాటరీకి తిరిగి చేరుతుంది. 320 మైళ్ళలో ఈ నగర లాభం కలిసి ఉంది. దాన్ని విడదీయడానికి స్టిక్కర్ మీదే ఆధారం ఉంటుంది. పెద్ద బ్యాటరీ లైట్నింగ్‌కు ఒక గ్యాలన్ పెట్రోలుకు సమానమైన విద్యుత్తుతో వెళ్ళే మైళ్ళు నగరంలో 78, హైవేలో 63, రెండూ కలిపి 70 అని వేస్తారు. 320ని 63తో గుణించి 70తో భాగిస్తే 288 వస్తుంది. ఇది మొదటి సవరణ మాత్రమే. 75 మైళ్ళ వేగానికి సంబంధించిన అంకె ఇది కాదు.

అదే స్టిక్కర్ మీద 100 మైళ్ళకు 48 కిలోవాట్-అవర్లు అని కూడా ఉంటుంది. కిలోవాట్-అవర్ అంటే మన కరెంటు బిల్లు మీద ఉండే యూనిటే కాబట్టి ఇకమీద యూనిట్ అనే రాస్తాను. ఈ 48 యూనిట్ల లెక్కన 320 మైళ్ళకు దాదాపు 154 యూనిట్లు కావాలి గాని, ఆ బ్యాటరీలో వాడుకోగలిగేవి 131 మాత్రమే. మిగిలినవి చార్జింగ్ జరిగేటప్పుడు వేడి రూపంలో పోయేవి. అందువల్ల ఇంటి కరెంటు ఖర్చు లెక్కకు 48ని వాడండి, రేంజి లెక్కకు 131ని వాడండి. ఈ రెండింటినీ కలిపివేస్తే రేంజి లెక్క మొత్తం తప్పుతుంది.

హైవే మీద ఖర్చును శాసించేది బరువు కాదు, గాలి. లైట్నింగ్ దాదాపు 3 టన్నులు తూగినా, సమతలమైన రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్ళేటప్పుడు ఆ బరువు పాత్ర పరిమితమే. బీరువాను నిలువుగా నిలబెట్టి తోస్తున్నట్టుండే ముందు భాగానికి ఎదురయ్యే గాలి నిరోధం మాత్రం వేగపు వర్గంతో పెరుగుతుంది. 65 నుంచి 75కు వెళ్తే వేగంలో పెరుగుదల 15 శాతమే అయినా గాలి నిరోధం 33 శాతం పెరుగుతుంది. ఎదురుగాలి ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 70 మైళ్ళ వేగంతో వెళ్తున్న ట్రక్కుకు 15 మైళ్ళ ఎదురుగాలి తగిలితే నిరోధం 85 మైళ్ళ వేగానికి ఉన్నంత ఉంటుంది, అంటే దాదాపు 47 శాతం ఎక్కువ. టెక్సస్‌లో ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణపు గాలి వీస్తుంది కాబట్టి డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళేటప్పుడు ఎక్కువ ఖర్చయి, తిరుగు ప్రయాణంలో తగ్గడం సర్వసాధారణం. చలికాలంలో ఉత్తరపు గాలి విరుచుకుపడిన రోజున ఇది తారుమారవుతుంది. బయలుదేరే ముందు రూటు చూసుకున్నట్టే గాలి దిశను, వేగాన్ని కూడా చూసుకోవాలి.

ఇక కొలత. చదునుగా ఉండి, రద్దీ తక్కువగా ఉండే హైవేలో ఒక వైపుకు 40 మైళ్ళకు తగ్గని భాగాన్ని ఎంచుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉన్న పీడనం మేరకు గాలి పట్టించండి. 15 మైళ్ళ వరకు మామూలుగా నడిపి, బ్యాటరీ, టైర్లు వేడెక్కిన తరువాతే ట్రిప్ మీటర్‌ను సున్నా చేసి, వేగాన్ని స్థిరంగా ఉంచే క్రూజ్ కంట్రోల్‌ను మీరు నిజంగా వెళ్ళే వేగం దగ్గర పెట్టండి. మరొక పెద్ద లారీ వెనుక దగ్గరగా వెళ్తే గాలి తగ్గి అంకె బాగా వస్తుంది గాని, అది ప్రమాదకరం, పైగా కొలత చెడిపోతుంది. చివర చేరాక యూనిట్‌కు ఎన్ని మైళ్ళు వచ్చాయో, బ్యాటరీ ఎంత శాతం తగ్గిందో రెండూ రాసుకుని, వెంటనే అదే దారిలో వెనక్కి వచ్చి మళ్ళీ రాసుకోండి. రెండు వైపులా కొలిస్తేనే గాలి, ఎత్తుపల్లాల ప్రభావం చాలావరకు సర్దుకుంటుంది.

సగటు తీయడంలో ఒక మెలిక ఉంది. వెళ్ళేటప్పుడు యూనిట్‌కు 1.7 మైళ్ళు, వచ్చేటప్పుడు 2.4 మైళ్ళు వచ్చాయనుకుంటే, రెండింటినీ కూడి సగం చేస్తే వచ్చే 2.05 సరైనది కాదు. మొత్తం మైళ్ళను మొత్తం యూనిట్లతో భాగించాలి, అప్పుడు 1.99 వస్తుంది. గాలి ఎంత ఎక్కువ ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది. అలాగే తగ్గిన శాతాన్ని 131తో గుణించి వచ్చిన యూనిట్లను ట్రక్కు చూపిన అంకెతో పోల్చి చూడాలి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మిగిలిన మైళ్ళను మాత్రం కొలతగా తీసుకోకండి. వారమంతా ఊళ్ళో నెమ్మదిగా తిరిగినవారికి అది గత ప్రయాణాలను బట్టి ఉదారంగా అంకె చూపుతుంది. హైవే ఎక్కాక ఆ అంకె దాటిన దూరం కన్నా వేగంగా కరిగిపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రయాణానికి వద్దాం. 75 మైళ్ళ వేగంలో మీ కొలత యూనిట్‌కు 1.8 అని తేలిందనుకుందాం. 131 యూనిట్లకు 236 మైళ్ళు వస్తాయి గాని, అది నిండు బ్యాటరీని సున్నా దాకా తోడేసినప్పటి మాట. గమ్యానికి 15 శాతం మిగుల్చుకుని చేరాలనుకుంటే 200 మైళ్ళు. దారిలో 80 శాతం వరకు చార్జ్ చేసి 10 శాతం దాకా వాడుకునే తదుపరి విడతల్లో అయితే దాదాపు 165 మైళ్ళు. 80 దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కనుక దూరప్రయాణంలో అసలు రేంజి ఈ 165 అనే నా అభిప్రాయం. ఫ్రిస్కో నుంచి దారిలోని మాడిసన్‌విల్ ఊరు సుమారు 170 మైళ్ళు; 94 యూనిట్లు ఖర్చయి, 28 శాతంతో చేరతారు. మిగిలిన 95 మైళ్ళకు 40 శాతం కావాలి కాబట్టి 55 శాతం వరకు చార్జ్ చేసుకుంటే చాలు, కాఫీ తాగేలోపు అయిపోతుంది. ఇంకొంచెం ముందుకు హంట్స్‌విల్ దాకా లాగవచ్చు గాని, ఎదురుగాలి ఉన్న రోజున ఆ లెక్కకు వెసులుబాటు మిగలదు. 2024 ఫిబ్రవరి నుంచి ఫోర్డ్ బండ్లకు టెస్లా ఫాస్ట్ చార్జర్లయిన సూపర్‌చార్జర్లు అడాప్టర్‌తో అందుబాటులోకి వచ్చాయి. అయితే పాత తరం సూపర్‌చార్జర్లు ఇతర కంపెనీల బండ్లకు పనిచేయవు కనుక, మీ స్టేషన్ ఏ తరానిదో యాప్‌లో ముందే చూసుకోవాలి.

నెమ్మదిగా వెళ్తే సమయం కలిసివస్తుందా? 240 మైళ్ళకు 75 బదులు 65తో వెళ్తే దాదాపు అరగంట ఆలస్యమవుతుంది. యూనిట్‌కు 1.8 బదులు 2.2 వస్తే మిగిలేవి 24 యూనిట్లు; మంచి ఫాస్ట్ చార్జర్ దగ్గర అది 12 నిమిషాల పని. కాబట్టి వేగం తగ్గించడం డబ్బును, ముఖ్యంగా ఇంటికన్నా చాలా ఖరీదైన రోడ్డు పక్క విద్యుత్తును, ఆదా చేస్తుంది తప్ప సమయాన్ని కాదు. ఒక స్టాపు పూర్తిగా తప్పే సందర్భంలోనో, తదుపరి చార్జర్ దూరంగా ఉన్నప్పుడో మాత్రమే సమయం కూడా కలిసివస్తుంది.

ట్రైలర్ తగిలిస్తే పై లెక్కలన్నీ కొత్తగా వేయాలి. ఎత్తైన పెట్టెలాంటి ట్రైలర్ రేంజిని సగానికో అంతకన్నా తక్కువకో తెస్తుంది. బరువున్నా ఎత్తు లేని ఫ్లాట్‌బెడ్ ప్రభావం అంతకన్నా తక్కువ. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్‌ను విప్పి పక్కన పెడితే గాని ప్లగ్ అందదు. నెలకు రెండు మూడుసార్లు 100 మైళ్ళకు పైగా పెద్ద ట్రైలర్‌ను లాగేవారికి ఎలక్ట్రిక్ పికప్ సరిపోదని నేను సూటిగానే చెబుతాను. పికప్ వెనుక తలుపు దించి నడిపితే గాలి తేలిగ్గా వెళ్తుందనేది అపోహ. మూసి ఉంచడమే మేలు. మట్టి, రాళ్ళ దారులకు కూడా పనికివచ్చే ఆల్-టెరైన్ టైర్లు రేంజిని తగ్గిస్తాయి. చలిలో గాలి చిక్కబడుతుంది, హీటరు తన వాటా తాను తీసుకుంటుంది. కాబట్టి బయలుదేరేముందే, ప్లగ్ తీయకుండా క్యాబిన్‌ను వేడిచేసుకోవాలి. కొండల విషయంలో 1,000 అడుగుల ఎక్కుడుకు సుమారు 2.5 యూనిట్లు కలపండి. అమరిల్లో నుంచి డెన్వర్ వైపు వెళ్ళేవారు 7,834 అడుగుల రాటన్ కనుమ దాకా సుమారు 4,200 అడుగులు ఎక్కాలి కనుక 10 యూనిట్లు అదనం; దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది.

బయలుదేరాక తనిఖీకి ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు. 131 యూనిట్ల బ్యాటరీకి, 1.8 కొలతకు, ఒక్కో శాతం 2.4 మైళ్ళు. మొదటి 50 మైళ్ళకు 21 శాతం తగ్గాలి. 25 తగ్గితే వెంటనే వేగాన్ని 5 మైళ్ళు తగ్గించండి, లేదా దగ్గరలో ఉన్న మరో చార్జర్‌కు రూటు మార్చండి.