చెరపకుండా ఒక ముగ్గు: ‘పర్ఫెక్టుగా ఉండాలి’ అన్న పట్టును సడలించుకోవడం ఎలా?

కొత్త నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో రాత బాగుండకపోతే పుస్తకమంతా పాడైపోతుందని భయపడి, దాన్ని ఏళ్ళ తరబడి అలమరలో ఖాళీగా ఉంచేవారిని మీరు చూసే ఉంటారు. నా అలమరలోనే అలాంటివి నాలుగున్నాయి. పని బాగా చేయాలనుకోవడం వేరు, బాగా రాదేమోనని పనే మొదలుపెట్టకపోవడం వేరు. రెండింటినీ ‘శ్రద్ధ’ అనే పిలుచుకుంటాం కాబట్టి రెండోది అంత తేలిగ్గా వదలదు.

1991లో పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ స్వభావాన్ని మూడు పాయలుగా విడదీశారు: లోపం లేని పనిని తన నుంచి తాను ఆశించడం, ఎదుటివారి నుంచి ఆశించడం, ఎదుటివారు తన నుంచి ఆశిస్తున్నారని నమ్మడం. 1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్ కళాశాల విద్యార్థులు ఇచ్చిన జవాబులను థామస్ కరన్, ఆండ్రూ హిల్ పరిశీలించగా మూడూ పెరిగాయనీ, అన్నిటికన్నా మూడోది ఎక్కువ పెరిగిందనీ తేలింది. ఆ మూడోదానికి మన ఇళ్ళలో ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న పేరు ఎప్పటినుంచో ఉంది.

దీన్ని ఆలోచనతో వదిలించుకోవడం కష్టం, ఎందుకంటే ఆ ఆలోచనను కూడా తప్పు లేకుండా చేయాలని చూస్తాం. చేతికి అలవాటు చేయడం కొంత సులువు. బొమ్మలు గీయడం, మట్టిపని, కవిత, ఏదైనా పనికొస్తుంది గానీ, నేను ముగ్గునే సూచిస్తాను. ఉదయం వేసింది సాయంత్రానికి కాళ్ళ కింద చెదిరిపోతుంది, మిగిలింది మర్నాటి కళ్ళాపితో కొట్టుకుపోతుంది. దాచుకునే వీలే లేనప్పుడు దాన్ని ఏ లోపమూ లేకుండా వేయాలన్న పట్టుదల దానంతటదే కాస్త మెత్తబడుతుంది. మగవారు ముగ్గు వేయడమేమిటన్న సందేహం వస్తే, అది కూడా పైన చెప్పిన మూడో పాయలోదేనని గమనించండి.

1. సరంజామా తక్కువగా ఉంచుకోండి

ఒక గిన్నెడు ముగ్గుపిండి, జారకుండా ఉండేందుకు అందులో కొంచెం బియ్యప్పిండి చాలు. వాకిలి లేని ఫ్లాటులో ఉన్నవారు గుమ్మం ముందున్న రెండు అడుగుల నేల వాడుకోవచ్చు. విదేశాల్లో, అద్దె ఇళ్ళలో ఉన్నవారికి పెద్ద పళ్ళెమో నల్లటి చార్టు కాగితమో సరిపోతుంది. రంగులు వద్దు. రంగుల దగ్గరికి వెళితే ఏ గులాబీ దేనికి నప్పుతుందన్న చర్చ మొదలై ఆ రోజు గడిచిపోతుంది.

2. సమయానికి హద్దు పెట్టండి

పదిహేను నిమిషాలకు అలారం పెట్టి, అది మోగగానే ముగ్గు ఏ దశలో ఉన్నా లేవండి. ‘నాకు కళ రాదు’ అనేవారికి ఒక మాట: 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మందితో 45 నిమిషాల పాటు రంగులు, మట్టి, కాగితాలతో తోచినది చేయించినప్పుడు, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది, కళలో పూర్వానుభవం ఉందా లేదా అన్నదాన్ని బట్టి పెద్ద తేడా రాలేదు. అది చిన్న అధ్యయనం, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పలేం. అయినా చేయి తిరగనివారికి అది కొంత ధైర్యం.

3. చుక్కలు పెట్టి గీత లాగండి

7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క: మధ్య వరుసలో ఏడు, దానికి పైనా కిందా ఆరేసి, ఆపైన అయిదేసి, చివర నాలుగేసి, మొత్తం 37. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, చేతిని నేలకు అంగుళం ఎత్తులో ఉంచి, బొటనవేలితో నలుపుతూ వదలండి. చేయి నెమ్మదిస్తే గీత లావవుతుంది, తొందరపడితే పలచబడుతుంది, వేళ్ళ మధ్య పిండి అయిపోయిన చోట తెగుతుంది. తెగిన గీతను మళ్ళీ అందుకున్న చోట ఒక చిన్న ముడి కనిపిస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి.

4. తప్పు పడ్డాక ఏం చేయాలి?

అసలు సాధన ఇక్కడే ఉంది. ఆరు రేకల పువ్వులో ఒక రేక ఒక చుక్క దాటి బయటికి పోయిందనుకోండి. చేయి వెంటనే చెరపడానికి పోతుంది. చెరిపితే తెల్లటి మసక మిగిలి, తప్పు కంటే అదే ఎక్కువ కనిపిస్తుంది. మా అమ్మమ్మ అలాంటప్పుడు చీపురు అందుకునేది కాదు. గీత దాటిన ఆ రేకను అక్కడే మూసి, మిగతా అయిదు వైపులా కూడా అలాగే ఒక చుక్క దాటించేది. దారిన పోయేవాళ్ళు ఆగి అది ఏ ముగ్గని అడిగేవారు. మొదటి వారం మీరూ అదే చేయండి. అయితే ఇది కూడా ఒక విధంగా తప్పును దాచే తెలివే. అందుకని రెండో వారం నుంచి ఆ పొడుగు రేకను ఒక్క వైపే వదిలేసి, దాన్ని చూస్తూ ఒక నిమిషం కూర్చోండి. ఆ నిమిషం బాగా ఇబ్బందిగా ఉంటుంది. రోజురోజుకూ ఆ ఇబ్బంది తగ్గుతుందా లేదా అన్నది ముగ్గు అందం కంటే ముఖ్యంగా గమనించవలసిన విషయం.

5. ఫొటో తీయకండి

వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలన్న ఉద్దేశం ఒక్కటి చాలు, వాకిలి పోటీ మైదానమైపోవడానికి.

6. పదిహేను రోజుల తరువాత చుక్కలు మానేయండి

చుక్కలున్నంతవరకు మీరు ఎవరో వేసిన దారిలోనే నడుస్తున్నారు. ఇప్పుడు నిన్న జరిగినదాన్ని ఒక గీతగా వేయండి: ఆఫీసులో పడ్డ మాట కావచ్చు, వంటింట్లో పొంగిపోయిన పాలు కావచ్చు. అది ఏమిటో చూసేవారికి అర్థం కానక్కరలేదు, ఎవరైనా అడిగితే వివరించనూ అక్కరలేదు.

7. ఇదే పద్ధతిని బయటి పనికి తీసుకెళ్ళండి

తప్పు జరిగితే ఎవరికీ నష్టం లేని పనిని ఎంచుకోండి. బంధువుకు పంపే సందేశాన్ని ఒక్కసారే చదివి పంపండి, పప్పును కొలతల్లేకుండా చేతి అందాజుతో వండండి. మందుల మోతాదు, జమాఖర్చుల లెక్క వంటివాటిలో మాత్రం జాగ్రత్తను సడలించకండి; అక్కడ సరిచూసుకోవడం అవసరమే.

చేసిన పనినే గంటల కొద్దీ సరిచూసుకోవడం, నిద్ర పట్టకపోవడం, పని చేయలేకపోవడం దాకా వచ్చినప్పుడు ముగ్గుతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యులను కలవండి. భారత ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోను చేయవచ్చు.

నా నాలుగు నోటుపుస్తకాల్లో ఒకదానికి ఇప్పుడు మొదటి పేజీ నిండింది. అందులో ఉన్నది కిరాణా చీటీ, అందులోనూ రెండు కొట్టివేతలు.