సర్వర్ గదిలో చల్లగాలి దారి తప్పుతుంటే ఏం చేయాలి?

సర్వర్ వేడెక్కిందని అలారం రాగానే చాలామంది ముందుగా చేసేది ఎ.సి.ని ఇంకో రెండు డిగ్రీలు తగ్గించడం. అప్పటికీ ఆగకపోతే ఇంకో ఎ.సి. కావాలని అడగడం. నేనూ ఒకప్పుడు అదే చేశాను. గదిలో అడుగుపెడితే చలికి వణుకు పుట్టేది. అయినా సర్వర్లను ఒకదానిపై ఒకటి బిగించే ఒక ర్యాక్‌లో అన్నిటికంటే పైన ఉన్న సర్వర్ మాత్రం లోడ్ పెరిగినప్పుడల్లా అలారం కొట్టేది. ఒకరోజు ఆ ర్యాక్ ముందు నిలబడి, రెండు సర్వర్ల మధ్య ఉన్న ఖాళీకి ఎదురుగా సన్నని టిష్యూ పేపర్ ముక్క పట్టుకున్నాను. అది లోపలికి లాగబడాల్సింది పోయి, నా ముఖం వైపు ఎగిరింది. వెనక నుంచి వదిలిన వేడిగాలి ఆ సందులోంచి ముందుకొచ్చేస్తోంది, పై సర్వర్ మళ్లీ దాన్నే పీల్చుకుంటోంది. గదిలో చల్లగాలికి కొదవ లేదు, అది చేరాల్సిన చోటికి చేరడం లేదంతే.

సర్వర్ ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతుంది. మనం చూసుకోవాల్సినవి రెండే: వేడిగాలి తిరిగి ముందుకు రాకూడదు, చల్లగాలి సర్వర్‌లోంచి వెళ్లకుండా నేరుగా ఎ.సి.కి తిరిగిపోకూడదు. కింద చెప్పిన పనులను ఇదే వరసలో చేయండి. సందులు మూయకుండా టెంపరేచర్ పెంచితే ముందు దెబ్బతినేది పైవరస సర్వర్లే.

1. ముందు కొలవండి

గోడ మీద ఉన్న థర్మామీటర్‌ను నమ్ముకోవద్దు. ప్రతి ర్యాక్ ముందువైపు కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలిచి రాసుకోండి. సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిదని ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంస్థ ఆష్రే సిఫార్సు చేస్తుంది. కింద చల్లగా ఉండి పైకి వెళ్లేకొద్దీ బాగా వేడెక్కుతుంటే వేడిగాలి ముందుకు వస్తోందని అనుమానించాలి.

2. ర్యాక్‌లు ఎటు చూస్తున్నాయో చూడండి

ముందువైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే మధ్యలోని నడవ కోల్డ్ ఐల్ (చల్లగాలి ఉండే దారి), వెనకవైపులు ఎదురెదురుగా ఉంటే హాట్ ఐల్ (వేడిగాలి వదిలే దారి). అన్నీ ఒకేవైపు చూస్తుంటే ముందు వరస వదిలిన వేడి వెనక వరసకు భోజనం అవుతుంది. నెట్‌వర్క్ స్విచ్‌లను విడిగా చూడండి. కొన్ని పక్క నుంచి పీలుస్తాయి, కొన్నిటిలో ఫ్యాన్లు తిరగేసి ఉంటాయి.

3. సందులు మూయండి

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదేనని నా అనుభవం. ర్యాక్‌లో ఖాళీగా ఉన్న ప్రతి యూనిట్‌లో బ్లాంకింగ్ ప్యానెల్ (ఖాళీని మూసే పలక) పెట్టాలి. ఒక యూనిట్ ఎత్తు 44.45 మిల్లీమీటర్లు. అంత చిన్న ఖాళీయే కదా అనిపిస్తుంది, నా టిష్యూ పేపర్ ఎగిరింది అలాంటి ఖాళీ దగ్గరే. స్క్రూలు లేకుండా నొక్కితే బిగిసే ప్లాస్టిక్ ప్యానెళ్లు దొరుకుతాయి, ఒక్కో దానికి కొన్ని సెకన్లు చాలు. అట్టముక్కలు, థర్మోకోల్ మాత్రం వద్దు. అట్టతో దుమ్ము, రెండింటితోనూ అగ్నిప్రమాదం భయం.

తర్వాత ర్యాక్ లోపల రెండు పక్కలా బిగింపు పట్టీల వెలుపల ఉన్న ఖాళీ, ర్యాక్‌కీ ర్యాక్‌కీ మధ్య సందు, ర్యాక్ అడుగు భాగం చూడండి. రైజ్డ్ ఫ్లోర్ (కింద ఖాళీ వదిలి పలకలతో ఎత్తుగా వేసిన నేల, ఆ ఖాళీలోంచే చల్లగాలి వస్తుంది) ఉంటే కేబుళ్ల కోసం కోసిన రంధ్రాలన్నిటికీ బ్రష్ ఉన్న మూతలు బిగించండి. ఇవి ఎక్కువగా ర్యాక్ వెనకే ఉంటాయి, అక్కడ బయటికొచ్చే చల్లగాలి పూర్తిగా వృథా.

4. నేల టైల్స్ సరిచేయండి

రంధ్రాల టైల్స్ కోల్డ్ ఐల్‌లోనే ఉండాలి. హాట్ ఐల్‌లో పని చేసేవాళ్లకు ఉక్కగా ఉందని ఎవరో ఒకరు అక్కడ ఒకటి పెట్టేసి ఉంటారు, తీసేయండి. ఎ.సి.కి మరీ దగ్గరగానూ వద్దు. అక్కడ నేల కింద గాలి వేగంగా పోతుంది కాబట్టి ఒత్తిడి తక్కువ, ఒక్కోసారి టైల్ గాలిని పైకి ఇవ్వాల్సింది పోయి కిందికి లాగేస్తుంది. టిష్యూ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. నేల కింద వాడని పాత కేబుళ్లు గుట్టగా ఉంటే అవీ గాలికి అడ్డమే.

ఎంత గాలి కావాలో అంచనా ఇలా: సర్వర్ గుండా వెళ్లేటప్పుడు గాలి 11 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, 1 కిలోవాట్ లోడ్‌కు గంటకు సుమారు 270 ఘనపు మీటర్ల గాలి పోవాలి.

5. ఐల్‌ను మూసేయండి

కోల్డ్ ఐల్‌కో హాట్ ఐల్‌కో చివర తలుపులు, పైన కప్పు పెడితే రెండు గాలులూ కలవవు. బడ్జెట్ లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కర్టెన్లతో మొదలుపెట్టండి, మంటలను తట్టుకునే రకమే తీసుకోండి. పొగ డిటెక్టర్లకు, మంటలార్పే వ్యవస్థకు ఈ కప్పు అడ్డం రాకుండా ఫైర్ సేఫ్టీ వాళ్లతో మాట్లాడాకే బిగించాలి.

6. ఇప్పుడు ఎ.సి. జోలికి వెళ్లండి

ఎ.సి.లో పెట్టిన టెంపరేచర్, అంటే సెట్ పాయింట్‌ను ఒక్కో డిగ్రీ పెంచి, ఒక రోజు ఆగి, ర్యాక్ పైభాగం రీడింగులు చూడండి. ఎ.సి. తన దగ్గరికి తిరిగొచ్చే గాలి టెంపరేచర్‌ను బట్టి కాకుండా, తాను పంపే గాలి టెంపరేచర్‌ను బట్టి కంట్రోల్ అయ్యేలా మార్చగలిగితే మరీ మంచిది. ఫ్యాన్ వేగం మార్చే సౌకర్యం ఉంటే అసలు ఆదా అక్కడే. వేగం 20 శాతం తగ్గిస్తే ఫ్యాన్ కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే అది వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. ఒక ఎ.సి. తేమ పెంచుతుంటే పక్కది తగ్గిస్తోందేమో కూడా చూడండి, ఇది తరచూ కనిపించే వృథా.

ఒక జాగ్రత్త. పీల్చే గాలి బాగా వేడెక్కితే సర్వర్ల లోపలి ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి. ఆ కరెంటు సర్వర్ల ఖాతాలో పడుతుంది కాబట్టి పి.యు.ఇ. (గది మొత్తం వాడే కరెంటును సర్వర్ల వంటి పరికరాలు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్య, తక్కువుంటే మంచిది) లెక్క బాగుపడినట్టే కనిపిస్తుంది, బిల్లు మాత్రం పెరగొచ్చు. అందుకే మొత్తం మీటర్ రీడింగ్ కూడా పక్కనే రాసుకోండి.

చివరగా, గది తలుపు దగ్గర ఒక పెట్టెలో బ్లాంకింగ్ ప్యానెళ్లు ఎప్పుడూ ఉంచండి. సర్వర్ తీసినవాళ్లు ర్యాక్ తలుపు మూసేలోపే ఆ ఖాళీలో ప్యానెల్ పెట్టాలి.