సర్వర్‌ని ఇంకో ప్రోగ్రామ్‌లో ఎంబెడ్ చేయాలంటే: గో కోడ్‌లో ఏం తీసేయాలి, ఏం బయటినుంచి ఇవ్వాలి

పోర్ట్ 8080 మీద తన మానాన తాను నడుస్తున్న సర్వర్‌ని ఏదో ఒక రోజు ఇంకో ప్రోగ్రామ్ లోపల పెట్టాల్సి వస్తుంది. డెస్క్‌టాప్ యాప్ కావచ్చు, ఇంటిగ్రేషన్ టెస్ట్ కావచ్చు, నాలుగు సర్వీసుల్ని ఒకే బైనరీగా కట్టి కస్టమర్ చేతిలో పెట్టాల్సిన పని కావచ్చు. గో భాషలో మెయిన్ ప్యాకేజీని (ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు) ఇంకో ప్రోగ్రామ్‌లోకి ఇంపోర్ట్ చేయడం కుదరదు. అందుకని చాలామంది మెయిన్‌లో ఉన్న కోడంతా ఎత్తి ‘రన్’ అనే ఫంక్షన్‌లో పోసి, వేరే ప్యాకేజీలో పెట్టి, పనైపోయిందనుకుంటారు. హోస్ట్ ప్రోగ్రామ్ (సర్వర్‌ని తన లోపల పెట్టుకునేది) దాన్ని ఇంపోర్ట్ చేయగానే ఫ్లాగ్ (కమాండ్ లైన్ ఆప్షన్) పేర్లు గుద్దుకుని పానిక్, అంటే ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. అది సరిచేస్తే పోర్ట్ ఖాళీ లేదంటుంది. అదీ సరిచేస్తే కంట్రోల్-సి కొట్టినా హోస్ట్ ఆగదు.

అన్నిటికీ మూలం ఒకటే: ప్రాసెస్ మొత్తం తనదే అనుకుని రాసిన కోడ్ అది. ఎంబెడ్ అయ్యాక సర్వర్ అద్దెకున్నట్టు లెక్క. గది తనదే, కరెంటు మీటరూ వీధి గేటూ ఇంటివాళ్లవి. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఇక్కడ పెద్ద ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు. సర్వర్ తనకు కావలసినవి తానే వెతుక్కోకుండా, హోస్ట్ వాటిని కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించడమే.

ముందు గ్రెప్ కొట్టండి

కోడ్ మార్చకముందే రిపాజిటరీ మొత్తంలో ఈ పేర్లు వెతికి, దొరికిన ప్రతి లైన్‌నీ రాసి పెట్టుకోండి.

ఓఎస్.ఎగ్జిట్, లాగ్.ఫేటల్ మొదటివి. లాగ్.ఫేటల్ లోపల పిలిచేది ఓఎస్.ఎగ్జిట్‌నే కాబట్టి డిఫర్ చేసిన (చివర్లో నడవాలని పెట్టిన) ఫంక్షన్లు ఒక్కటీ నడవవు. కాన్ఫిగ్ ఫైల్ దొరకలేదని మీ సర్వర్ లాగ్.ఫేటల్ కొడితే, పక్కనే హోస్ట్ సగం రాసిన ఫైల్ సగంలోనే మిగిలిపోతుంది. ఇలాంటివన్నీ ఎర్రర్‌ని రిటర్న్ చేసేలా మార్చాలి. మినహాయింపులు పెట్టుకోకండి.

తర్వాత ప్యాకేజీ స్థాయిలో ఉన్న ఫ్లాగ్ డిక్లరేషన్లు. ఫ్లాగ్.స్ట్రింగ్ అని రాస్తే అది హోస్ట్ కమాండ్ లైన్‌లోనే చేరుతుంది. ‘పోర్ట్’ అనే ఫ్లాగ్ హోస్ట్‌కీ ఉంటే మెయిన్ మొదలవకముందే పానిక్. ఇనిట్ ఫంక్షన్లదీ ఇదే జబ్బు, ఇంపోర్ట్ చేయడమే పాపమన్నట్టు పనిచేసేస్తాయి.

సిగ్నల్.నోటిఫై కొంచెం దొంగదెబ్బ. ప్రాసెస్‌లో ఎవరైనా ఒకరు ఇంటరప్ట్ సిగ్నల్‌కి దాన్ని పిలిస్తే, కంట్రోల్-సి కి ప్రోగ్రామ్ ఆగిపోవడమనే సహజ ప్రవర్తన ప్రాసెస్ అంతటికీ పోతుంది. హోస్ట్ ఆ సహజ ప్రవర్తన మీదే ఆధారపడి ఉంటే, మీ సర్వర్ మర్యాదగా ఆగిపోతుంది, హోస్ట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

హెచ్‌టీటీపీ.హ్యాండిల్‌ఫంక్ నేరుగా వాడితే రూట్లన్నీ డిఫాల్ట్‌సర్వ్‌మక్స్ అనే, ప్రాసెస్ అంతటికీ ఉమ్మడిగా ఉండే రౌటర్‌లో చేరతాయి. ఒకే ప్యాటర్న్ రెండుసార్లు నమోదైతే పానిక్. పైగా హెచ్‌టీటీపీ.సర్వర్‌లో హ్యాండ్లర్ ఫీల్డ్ నిల్‌గా వదిలేస్తే అది చడీచప్పుడు లేకుండా డిఫాల్ట్‌సర్వ్‌మక్స్‌నే వాడుతుంది. హోస్ట్‌లో ఎవరో పీప్రాఫ్ అనే ప్రొఫైలింగ్ ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి ఉంటే, మీ పబ్లిక్ పోర్ట్ మీద డీబగ్ పేజీలు ప్రత్యక్షమవుతాయి. ఎప్పుడూ సొంత మక్స్ తయారుచేసుకోండి.

ఇక మిగిలినవి: ఓఎస్.గెటెన్వ్, ఓఎస్.చ్‌డిర్, టైమ్.నౌ, ప్రొమీథియస్ (మెట్రిక్స్ లైబ్రరీ) మస్ట్‌రిజిస్టర్, ప్యాకేజీ స్థాయి వేరియబుల్స్. టెంప్లేట్లకి ఇచ్చిన రిలేటివ్ పాత్ కూడా చూడండి. అది హోస్ట్‌ని ఏ డైరెక్టరీలో నడిపారో అక్కడినుంచి వెతుకుతుంది, దొరకదు. గో 1.16 నుంచి ఉన్న ఎంబెడ్ ప్యాకేజీతో ఫైళ్లని బైనరీలోనే కలిపి, కన్‌స్ట్రక్టర్‌లో ఎఫ్ఎస్.ఎఫ్ఎస్ ఇంటర్‌ఫేస్‌గా తీసుకోండి. హోస్ట్ తన లోగోతో వేరే టెంప్లేట్లు ఇవ్వాలన్నా దారి ఉంటుంది.

కన్‌స్ట్రక్టర్ ఆకారం

డిపెండెన్సీలన్నీ పెట్టే ఒకే స్ట్రక్ట్ (డెప్స్), ఒకే న్యూ ఫంక్షన్ చాలు. ఫీల్డుల్ని తెలుగులో రాసుకుంటే ఇలా ఉంటుంది:

డెప్స్ {
  డీబీ: తప్పనిసరి, *ఎస్‌క్యూఎల్.డీబీ
  లాగర్: ఐచ్ఛికం, *ఎస్‌లాగ్.లాగర్
  మెట్రిక్స్: ఐచ్ఛికం, ప్రొమీథియస్.రిజిస్టరర్
  ఫైళ్లు: ఐచ్ఛికం, ఎఫ్ఎస్.ఎఫ్ఎస్
  గడియారం: ఐచ్ఛికం, ఫంక్() టైమ్.టైమ్
  బేస్‌పాత్: ఐచ్ఛికం, ఖాళీ అయితే రూట్
}

న్యూ(డెప్స్) తిరిగి ఇచ్చేవి సర్వర్, ఎర్రర్. డీబీ నిల్ అయితే ఇక్కడే ఎర్రర్ ఇవ్వాలి. మొదటి రిక్వెస్ట్ వచ్చాక నిల్ పాయింటర్ పానిక్ చూడటం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. న్యూ లోపల గోరూటీన్ (పక్కనే సమాంతరంగా నడిచే పని) మొదలుపెట్టొద్దు, పోర్ట్ తెరవొద్దు.

ఐచ్ఛికమైన వాటికి నిల్ వస్తే ఏం చేస్తారో కామెంట్‌లో రాయండి. లాగర్ నిల్ అయితే దేన్నీ రాయని లాగర్ పెట్టడం మంచిది, ఎస్‌లాగ్.డిఫాల్ట్ కాదు, ఎందుకంటే అది కూడా గ్లోబలే. మెట్రిక్స్ విషయంలో ప్రోమ్‌ఆటో.విత్ కి నిల్ ఇస్తే కౌంటర్లు తయారవుతాయి, ఎక్కడా నమోదు కావు. విడిగా ఇఫ్‌లు రాయక్కర్లేదు.

ఇంటర్‌ఫేస్ ఫీల్డుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. హోస్ట్ తన సొంత రకం పాయింటర్‌ని డిక్లేర్ చేసి, విలువ ఇవ్వకుండా మీ ఇంటర్‌ఫేస్ ఫీల్డ్‌లో పెడితే, ఆ ఫీల్డ్ ‘నిల్‌కి సమానమా’ అన్న పరీక్షకి కాదనే జవాబిస్తుంది. లోపల రకం ఉంది, విలువ లేదు. మీ డిఫాల్ట్ అమల్లోకి రాదు, మొదటి కాల్‌కే పానిక్. కాంక్రీట్ రకం సరిపోయే చోట ఇంటర్‌ఫేస్ పెట్టకపోవడమే దీనికి మందు. లాగర్‌ని, డీబీని పైన పాయింటర్లుగానే ఉంచింది అందుకే.

డీబీని బయటినుంచి తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది చూడరు. మీ ప్యాకేజీయే ఎస్‌క్యూలైట్ డ్రైవర్‌ని ఇంపోర్ట్ చేస్తే, ఆ డ్రైవర్ సీగో (గోలోంచి సీ కోడ్‌ని పిలిచే పద్ధతి) వాడేదైతే, హోస్ట్ బిల్డ్ చేసే ప్రతి మెషీన్‌లోనూ సీ కంపైలర్ ఉండాలి. క్రాస్ కంపైల్ కూడా తలనొప్పిగా మారుతుంది. పైగా రెండు డ్రైవర్లు ఒకే పేరుతో నమోదు కాబోతే ఎస్‌క్యూఎల్.రిజిస్టర్ పానిక్ అవుతుంది. డ్రైవర్ ఇంపోర్ట్ లైన్ మీ మెయిన్‌లో మాత్రమే ఉంటే ఈ గొడవ హోస్ట్‌కి అంటదు.

లిజనర్ హోస్ట్‌దే

అడ్రస్ స్ట్రింగ్ తీసుకుని లిజెన్‌అండ్‌సర్వ్ పిలవకండి. నెట్.లిజనర్‌ని (ముందే తెరిచి ఉన్న పోర్ట్) తీసుకుని సర్వ్ పిలవండి. మారేది ఒక్క లైనే, ఫలితం మాత్రం పెద్దది. టెస్ట్‌లో హోస్ట్ 127.0.0.1:0 మీద లిజనర్ తెరుస్తుంది, ఖాళీ పోర్ట్‌ని ఆపరేటింగ్ సిస్టమే ఎంచుకుంటుంది, లిజనర్ అడ్ర్ మెథడ్‌ని అడిగితే అసలు నంబర్ తెలుస్తుంది. ఖాళీ పోర్ట్ వెతికి, మూసి, ఆ నంబర్‌ని సర్వర్‌కి పంపే పాత పద్ధతిలో ఆ సందులో ఇంకెవరైనా ఆ పోర్ట్ ఎత్తుకుపోవచ్చు. సీఐలో (టెస్టుల్ని తానే నడిపే సిస్టమ్‌లో) పదిసార్లకొకసారి ఫెయిలయ్యే టెస్టుల్లో కొన్ని ఇవే.

సర్వర్ సిద్ధమైందా లేదా అని స్లీప్ పెట్టి చూసే అవసరం కూడా పోతుంది. లిజనర్ తెరిచిన క్షణం నుంచే కనెక్షన్లు కెర్నెల్ క్యూలో నిలబడతాయి, సర్వ్ మొదలవగానే తీసుకుంటుంది. సిస్టమ్‌డీ సాకెట్ యాక్టివేషన్ (లినక్స్ సర్వీస్ మేనేజరే పోర్ట్ తెరిచి ఇవ్వడం) కావాలన్నా ఇదే దారి. 3వ నంబర్ ఫైల్ డిస్క్రిప్టర్ నుంచి వచ్చే సాకెట్‌ని లిజనర్‌గా మార్చి ఇస్తే చాలు, సర్వర్ కోడ్‌లో అక్షరం మారదు. జీఆర్‌పీసీ అయితే బఫ్‌కాన్ లిజనర్ ఇచ్చి నెట్‌వర్క్ తగలకుండా మెమరీలోనే నడపొచ్చు.

ఎవరు తెరిస్తే వాళ్లే మూయాలన్నది మంచి నియమం, డీబీకి అక్షరాలా అదే పాటించండి. లిజనర్‌కి మాత్రం కుదరదు. హెచ్‌టీటీపీ.సర్వర్ సర్వ్ మెథడ్ తిరిగొచ్చేటప్పుడు లిజనర్‌ని తానే మూసేస్తుంది. ఈ మినహాయింపుని డాక్ కామెంట్‌లో రాసి పెట్టండి.

కొంతమంది హోస్ట్‌లకి లిజనర్ కూడా అక్కర్లేదు, వాళ్లకి ముందే ఒక హెచ్‌టీటీపీ సర్వర్ ఉంటుంది. మీరు హ్యాండ్లర్ అనే మెథడ్‌ని బయటపెడితే వాళ్లు దాన్ని /నోట్స్/ కింద తగిలించుకుంటారు. ఇక్కడ స్ట్రిప్‌ప్రిఫిక్స్ సగం పనే చేస్తుంది: లోపలికొచ్చే పాత్‌ని కత్తిరిస్తుంది, మీ రీడైరెక్ట్‌లనీ హెచ్‌టీఎమ్‌ఎల్ లింకులనీ ముట్టుకోదు. /లాగిన్ అని నేరుగా రాసిన రీడైరెక్ట్ హోస్ట్ లాగిన్ పేజీకి పోతుంది. బేస్‌పాత్ ఫీల్డ్ ఉన్నది ఇందుకే. కుకీ పాత్ కూడా దాన్నుంచే రావాలి. కుకీ పేరు ఉత్త ‘సెషన్’ అయితే హోస్ట్ కుకీతో గుద్దుకోవచ్చు, పేరుకి ముందు మీ సర్వర్ గుర్తు ఏదైనా తగిలించండి.

మొదలు, ముగింపు

రన్(కాంటెక్స్ట్, లిజనర్) అనే ఒక మెథడ్, తిరిగి ఎర్రర్. కాంటెక్స్ట్ (ఆపమన్న కబురు మోసేది) రద్దయ్యేదాకా, లేదా సర్వ్ తానే ఎర్రర్‌తో ఆగేదాకా, అది తిరిగి రాకూడదు, తిరిగొచ్చాక లోపలి గోరూటీన్ ఒక్కటీ మిగలకూడదు. లోపల జరగాల్సింది ఈ వరసలో:

1. వేరే గోరూటీన్‌లో సర్వ్ మొదలుపెట్టి, దాని ఎర్రర్‌ని 1 సైజు బఫర్ ఉన్న చానెల్‌లోకి పంపండి. బఫర్ లేకపోతే చదివేవాళ్లు లేనప్పుడు ఆ గోరూటీన్ శాశ్వతంగా ఇరుక్కుంటుంది.
2. కాంటెక్స్ట్ రద్దు కోసం, ఆ చానెల్ కోసం కలిపి సెలెక్ట్‌లో ఎదురుచూడండి.
3. రద్దయితే షట్‌డౌన్‌కి కొత్త కాంటెక్స్ట్ ఇవ్వండి, గడువు 10 సెకన్లు. అప్పటికే రద్దయిన పాత కాంటెక్స్ట్ ఇస్తే నడుస్తున్న రిక్వెస్టుల కోసం ఆగకుండా వెంటనే తిరిగొచ్చేస్తుంది. తరచూ దొరికే తప్పు ఇది.
4. గడువు దాటితే క్లోజ్ పిలవండి.
5. సర్వ్ నుంచి వచ్చిన ఎర్రర్ ఎర్ర్‌సర్వర్‌క్లోజ్డ్ అయితే నిల్‌గా మార్చి ఇవ్వండి. అది లోపం కాదు, మామూలుగా ఆగడమే.

షట్‌డౌన్ పిలవగానే సర్వ్ తిరిగొచ్చేస్తుంది, షట్‌డౌన్ ఇంకా పూర్తికాదు. సర్వ్ తిరిగొచ్చిందని డీబీ మూస్తే, చివరి రిక్వెస్టులు మూసిన డీబీ మీద పడతాయి. రన్ తిరిగొచ్చేది షట్‌డౌన్ పూర్తయ్యాకే ఉండాలి. వెబ్‌సాకెట్‌లాంటి హైజాక్ అయిన (హెచ్‌టీటీపీ.సర్వర్ చేతినుంచి హ్యాండ్లర్ తీసేసుకున్న) కనెక్షన్లని షట్‌డౌన్ మూయదు, వాటికోసం ఎదురూ చూడదు. వాటి జాబితా మీరే ఉంచుకుని రిజిస్టర్‌ఆన్‌షట్‌డౌన్‌తో కబురు పంపి, వెయిట్‌గ్రూప్‌తో లెక్క చూసుకోవాలి. ఒకసారి షట్‌డౌన్ అయిన హెచ్‌టీటీపీ.సర్వర్‌ని మళ్లీ వాడకూడదు, కాబట్టి హోస్ట్ రీస్టార్ట్ చేయాలంటే న్యూ మళ్లీ పిలవాలి.

ఈ ఏర్పాటు తెలిసినవాళ్లు ఎలా చేశారో చూడాలంటే నాట్స్ అనే మెసేజింగ్ సర్వర్ ఆప్షన్లు చదవండి. సిగ్నల్స్ ముట్టుకోవద్దని చెప్పడానికి నోసిగ్స్, పోర్టే తెరవొద్దనడానికి డోంట్‌లిజెన్ ఉన్నాయి. ఈటీసీడీ (క్లస్టర్‌లో నడిచే డేటా స్టోర్) ఎంబెడ్ ప్యాకేజీ, సర్వర్ సిద్ధమైందని చెప్పే రెడీనోటిఫై చానెల్ ఇస్తుంది. క్లస్టర్‌లో నాయకుడు తేలేదాకా ఆగాల్సిన సర్వర్‌కి పోర్ట్ తెరుచుకోవడం ఒక్కటే చాలదు కాబట్టి.

మెయిన్‌లో ఏం మిగులుతుంది

ఫ్లాగులు, ఎన్విరాన్‌మెంట్, డ్రైవర్ ఇంపోర్ట్, ఎస్‌క్యూఎల్.ఓపెన్, నెట్.లిజెన్, సిగ్నల్.నోటిఫైకాంటెక్స్ట్, న్యూ, రన్. అరవై లైన్లు దాటితే సర్వర్ పని ఏదో ఇంకా మెయిన్‌లో దాక్కుందని అనుమానించండి. ఓఎస్.ఎగ్జిట్ ప్రాజెక్ట్ మొత్తంలో ఇక్కడే, ఒక్కసారే. సర్వర్ ప్యాకేజీని ఇంటర్నల్ డైరెక్టరీలో మాత్రం పెట్టకండి, బయటి మాడ్యూల్ దాన్ని ఇంపోర్ట్ చేయలేదు.

ఎఫ్‌ఎక్స్ లాంటి డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్లు కావాలా అంటే, ఈ పనికి వద్దనే చెప్తాం. వాటిని వాడాలనుకుంటే హోస్ట్ తన మెయిన్‌లో వాడుకుంటుంది. లైబ్రరీ తానే ఒక కంటైనర్‌ని తెస్తే హోస్ట్ దాన్ని కూడా మోయాలి. దొరికినదల్లా ఇంజెక్ట్ చేయడమూ వద్దు. జేసన్ ఎన్‌కోడర్, రౌటర్, మీ సొంత వాలిడేషన్ ఫంక్షన్లు, ఇవి హోస్ట్ మార్చాలనుకునేవి కావు. డెప్స్‌లో ఇరవై ఫీల్డులుంటే ఎంబెడ్ చేయాలనుకున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరుగుతారు.

సరిగ్గా అయిందా లేదా

ఒక్క టెస్ట్ చాలు. ఒకే ప్రాసెస్‌లో రెండు సర్వర్లు తయారుచేయండి, చెరొక డీబీ, చెరొక రిజిస్ట్రీ, చెరొక 0 పోర్ట్ లిజనర్. మొదటిదాంట్లో ఒక రికార్డ్ రాసి, రెండోదాంట్లో అది కనబడకూడదని చూడండి. మొదటిదాన్ని ఆపి, రెండోది ఇంకా జవాబిస్తోందని చూడండి. చివర రెండోదాన్నీ ఆపి గోలీక్‌తో మిగిలిపోయిన గోరూటీన్లు లెక్కపెట్టండి. గోలీక్ ఎప్పుడూ రెండు గోరూటీన్లు చూపిస్తుంటే ముందు మీ టెస్ట్ క్లయింట్‌ని అనుమానించండి. కీప్-అలైవ్ కనెక్షన్ ఒక్కోటి చదవడానికొకటి, రాయడానికొకటి ఉంచుకుంటుంది, క్లోజ్‌ఐడిల్‌కనెక్షన్స్ పిలిస్తే పోతాయి. దీన్ని -రేస్ ఫ్లాగ్‌తో, -కౌంట్=20 తో నడపండి. గ్రెప్‌కి దొరకని గ్లోబల్ వేరియబుల్ ఏదైనా ఉంటే ఎక్కువసార్లు ఇక్కడే బయటపడుతుంది.

ఈ టెస్ట్‌కి మెమరీ ఎస్‌క్యూలైట్ వాడుతుంటే ఒక్క జాగ్రత్త. :మెమరీ: అని తెరిస్తే పూల్‌లోని ప్రతి కనెక్షన్‌కీ వేరే ఖాళీ డేటాబేస్ వస్తుంది. టేబుల్ ఒక కనెక్షన్‌లో తయారై, క్వెరీ ఇంకో కనెక్షన్‌కి వెళ్లి, టేబుల్ లేదంటుంది. తప్పు ఇంజెక్షన్‌దని గంటలు పోగొట్టుకోకుండా సెట్‌మ్యాక్స్‌ఓపెన్‌కాన్స్‌కి 1 ఇవ్వండి, లేదా టెస్ట్ టెంప్ డైరెక్టరీలో మామూలు ఫైల్ తెరవండి.