బస్సు కంటే వేగంగా పనిచేసే క్యాంపస్ నెట్‌వర్క్ కట్టుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి బస్సులో 4 టెరాబైట్ల హార్డ్ డిస్క్ బ్యాగులో వేసుకుని బయల్దేరారనుకోండి. ప్రయాణం పన్నెండు గంటలు. 32 లక్షల కోట్ల బిట్లను 43,200 సెకన్లతో భాగిస్తే ఆ బస్సు వేగం సెకనుకు దాదాపు 740 మెగాబిట్లు వస్తుంది. నేను పనిచేసిన ఒక యూనివర్సిటీలో ఒక రీసెర్చ్ స్కాలర్ నిజంగానే అలా డిస్కులు మోసేవాడు, అదీ క్యాంపస్‌కి 1 గిగాబిట్ (సెకనుకు 1,000 మెగాబిట్లు) లైను వచ్చి ఏడాది దాటాక. అదే డేటా నెట్‌లో పంపితే 90 మెగాబిట్లు దాటేది కాదు, అంటే నాలుగు రోజుల పైమాటే. అందరం లైను ఇచ్చినవాళ్లనే తిట్టుకున్నాం. తీరా చూస్తే అతని ల్యాబ్ గోడ సాకెట్లో నాలుగు జతల వైర్లకు రెండు జతలే బిగించి ఉన్నాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, రెండే ఉంటే పోర్టు చప్పుడు చెయ్యకుండా 100 మెగాబిట్లకి దిగిపోతుంది.

అందుకే ముందే చెప్తున్నా: చాలా క్యాంపస్‌లకు కావాల్సింది ఇంకా పెద్ద లైను కాదు, ఉన్న లైను ల్యాబ్ దాకా చెక్కుచెదరకుండా రావడం.

లైను సంగతి క్లుప్తంగా. విద్యా, పరిశోధన సంస్థలను కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ని 2010 మార్చిలో కేంద్రం రూ. 5,990 కోట్లతో ఆమోదించింది, ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీ దాన్ని అమలు చేసింది. దానికి ముందు నుంచే, 1986లో మొదలైన ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ ఉంది. మీది యూనివర్సిటీయో జాతీయ పరిశోధన సంస్థో అయితే ఈ నాలెడ్జ్ నెట్‌వర్క్ (ఎన్‌కేఎన్) లైను ఇప్పటికే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మీరు కనుక్కోవాల్సినవి మూడు: ఆ లైను ఏ గదిలో దిగింది, ఏ వేగంతో దిగింది, అక్కడి నుంచి మొదట ఏ పెట్టెలోకి వెళ్తోంది. మూడో ప్రశ్నకు చాలాచోట్ల జవాబు "ఫైర్‌వాల్" (వచ్చేపోయే ట్రాఫిక్‌ని తనిఖీ చేసే పెట్టె) అని వస్తుంది. దాని సంగతి తర్వాత.

ఏదైనా కొనే ముందు కొలవండి. స్పీడ్ టెస్ట్ వెబ్‌సైట్ దీనికి పనికిరాదు, అది దగ్గర్లో ఉన్న సర్వర్‌తో ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి మంచి అంకె చూపించేస్తుంది. అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే పింగ్ కూడా అంతే. నాలుగు పింగ్‌లు కొట్టి "లాస్ లేదు సార్" అనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికా ఇంధన శాఖ పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్‌లో ఒక రౌటర్ కార్డు పాడై 22,000 ప్యాకెట్లకు (డేటా ముక్కలకు) ఒక్కటి పారేసేది. వినడానికి ఏముంది, ఒక్కటేగా అనిపిస్తుంది. కానీ నెట్‌లో డేటాను నడిపే టీసీపీ పద్ధతి, ప్యాకెట్ పోయిన ప్రతిసారీ భయపడి వేగం తగ్గించుకుంటుంది, మళ్లీ మెల్లగా పెంచుకుంటుంది, అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే ఆ కోలుకోవడం అంత ఆలస్యం. మామూలు 1500 బైట్ల ప్యాకెట్లతో, పాత తరహా టీసీపీతో లెక్క వేస్తే, అదే నష్టం ఉన్న దారిలో 1 మిల్లీసెకను దూరంలో (ప్యాకెట్ వెళ్లొచ్చే సమయం) ఉన్న పక్క సంస్థతో గిగాబిట్ పైనే వస్తుంది, 150 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న యూరప్ సర్వర్‌తో మాత్రం 11, 12 మెగాబిట్లు. "లోకల్‌గా బాగానే ఉంది, ఫారిన్ సైట్లే స్లో" అని మీ క్యాంపస్‌లో ఎవరైనా అంటుంటే తప్పు విదేశంలోనే ఉందని అనుకోకండి, మీ సొంత కేబుల్లో కూడా ఉండొచ్చు.

దీన్ని పట్టుకోవడానికి పెర్ఫ్‌సోనార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లైను దిగే గదిలో ఒక చిన్న మెషీన్, ల్యాబ్‌లో ఒకటి పెట్టండి. వర్చువల్ మెషీన్ వద్దు, గడియారం నిలకడగా ఉండదు. అది సెకనుకు పది చొప్పున చిన్న ప్యాకెట్లు రాత్రీ పగలూ పంపిస్తూ పోయినవాటిని లెక్కపెడుతుంది. 22,000కి ఒకటి అంటే ఆ లెక్కన సుమారు 37 నిమిషాలకు ఒకసారి కనిపిస్తుంది, కాబట్టి కనీసం రెండు వారాలు నడవనిచ్చి ఆ తర్వాత గ్రాఫ్ చూడండి. మధ్యాహ్నం క్లాసుల టైములో నష్టం పెరిగితే ఎక్కడో నెట్‌వర్క్ స్విచ్ నిండిపోతోందని, రోజంతా ఒకేలా ఉంటే కేబులో ఆప్టిక్సో (ఫైబర్ చివర వెలుతురు పంపే పరికరం) పాడైందని మొదటి అనుమానం పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఫైబర్. క్యాంపస్ లోపల పాత బిల్డింగుల మధ్య 62.5 మైక్రాన్ల మల్టీమోడ్ (తక్కువ దూరాలకే పనికొచ్చే ఫైబర్) ఉందేమో చూడండి, 2000 సంవత్సరానికి అటూ ఇటూ వేసినవి చాలావరకు అవే. దాని మీద మామూలు 10 గిగాబిట్ ఎస్ఆర్ (తక్కువ దూరపు) ఆప్టిక్స్ 33 మీటర్లే వెళ్తాయి, అంటే పక్క బిల్డింగు కూడా అందదు. ఎలాగూ మార్చాలి కాబట్టి అంతా సింగిల్‌మోడ్ (ఎక్కువ దూరాలకు పనికొచ్చే ఫైబర్) వేసేయండి. ఎల్ఆర్ (ఎక్కువ దూరపు) ఆప్టిక్స్‌తో 10 కిలోమీటర్లు వెళ్తుంది, రేపు 100 గిగాబిట్ కావాలంటే అదే తీగ పనికొస్తుంది, చివర్లలో పెట్టెలు మారిస్తే చాలు. కేబుల్ లోపలి గాజు తీగలు, అంటే కోర్లు, ఆరుతో సరిపెట్టకండి, 24 వేయండి. ఖర్చంతా తవ్వకంలోనే ఉంటుంది, గాజు తీగలో కాదు. తవ్వినప్పుడే ఒక ఖాళీ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు కూడా పక్కన పడేసి మూతలు బిగించి వదిలేయండి, ఐదేళ్ల తర్వాత వచ్చే ఇంజనీర్ మీకు దణ్ణం పెడతాడు. ముఖ్యమైన బిల్డింగులకు రెండు వేర్వేరు దారుల్లో తీసుకెళ్లండి. రెండు కేబుళ్లు ఒకే గొయ్యిలో వేసి "రిడండెన్సీ" అని రాసుకుంటే ఒక్క జేసీబీ పంటికి రెండూ పోతాయి. చెట్ల మీదుగా, పిట్టగోడల మీదుగా మాత్రం లాగొద్దు, కోతులు లేని క్యాంపస్ ఎక్కడుంది కనుక.

కేబుల్ వేశాక కాంట్రాక్టర్ దగ్గర ప్రతి కోర్‌కీ ఓటీడీఆర్ (తీగ పొడవునా ఎక్కడ వెలుతురు పోతోందో చూపే మీటర్) రిపోర్ట్ తీసుకున్నాకే బిల్లు మీద సంతకం పెట్టండి. మీరు సొంతంగా ఒక పవర్ మీటర్, ఒక కనెక్టర్ క్లీనర్ పెన్ను కొని పెట్టుకోండి. 10 గిగాబిట్ ఎల్ఆర్‌కి అవతల అందే వెలుతురు మైనస్ 14.4 డీబీఎం (వెలుతురు బలం కొలిచే యూనిట్) కంటే తగ్గకూడదు, నేనైతే మైనస్ 10 కంటే తగ్గగానే వెతకడం మొదలుపెడతాను. నా అనుభవంలో సగం కేసుల్లో దోషి కనెక్టర్ మీద దుమ్ము. చొక్కా అంచుతో తుడవకండి. మేమూ చేశాం, ఇంకా పాడైంది.

సరే, ఫైర్‌వాల్. క్యాంపస్ ఫైర్‌వాల్‌ని వేలమంది పిల్లలు ఒకేసారి వీడియోలు, మెయిళ్లు చూసుకునే చిన్న చిన్న ట్రాఫిక్ కోసం తయారుచేస్తారు. గంటల తరబడి ఒకే కనెక్షన్ మీద గిగాబిట్లు పారితే, డబ్బా మీద ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా, లోపల ఆ ఒక్క ప్రవాహాన్ని మోసేది తరచుగా ఒకే ప్రాసెసర్ కోర్. అమెరికాలో పెన్ స్టేట్ ఇంజనీరింగ్ కాలేజీకి ఇంకో రకం కష్టం వచ్చింది. వాళ్ల ఫైర్‌వాల్‌లో సీక్వెన్స్ చెకింగ్ అనే ఒక సెట్టింగ్ టీసీపీ విండోని (జవాబు రాకముందే దారిలో ఉంచగలిగే డేటా) పెరగనివ్వకుండా 64 కిలోబైట్ల దగ్గర కట్టేసింది, 10 మిల్లీసెకన్ల దూరానికి అది 50 మెగాబిట్ల చిల్లర, లైను చూస్తే గిగాబిట్.

దీనికి ఈఎస్‌నెట్ వాళ్లు చెప్పిన మందు సైన్స్ డీఎంజెడ్. పేరు భయపెడుతుంది గానీ విషయం సింపుల్: లైను దిగే సరిహద్దు రౌటర్ దగ్గరే రెండు దారులు చేయండి. హాస్టళ్లు, ఆఫీసులు, క్లాసులు మామూలుగా ఫైర్‌వాల్ లోంచి వెళ్తాయి. రీసెర్చ్ డేటా పంపే ఒకటి రెండు మెషీన్లు మాత్రం ఫైర్‌వాల్ బయట, సరిహద్దు రౌటర్‌కి ఆనుకుని ఉన్న ఒక స్విచ్ మీద కూర్చుంటాయి. ఆ స్విచ్‌కి బఫర్, అంటే ప్యాకెట్లను కాసేపు ఆపి ఉంచే మెమరీ, ఎక్కువ ఉండాలి. 10 గిగాబిట్ పోర్టులో వచ్చింది 1 గిగాబిట్ పోర్టులోంచి బయటికి పోవాల్సినప్పుడు చవక స్విచ్ ప్యాకెట్లు పారేస్తుంది, మళ్లీ మొదటికొస్తాం. టెండర్ స్పెసిఫికేషన్‌లో పోర్టుల సంఖ్యే రాసి బఫర్ సైజు రాయకపోతే ఎల్1గా (అతి తక్కువ ధర కోట్ చేసినదిగా) వచ్చేది ఆ చవకదే.

"ఫైర్‌వాల్ లేకుండానా?" అని సెక్యూరిటీ కమిటీ తప్పకుండా అడుగుతుంది, అడగాలి కూడా. రక్షణ ఉంటుంది, వేరే రూపంలో. ఆ మెషీన్ మీద మెయిల్ ఉండదు, బ్రౌజర్ ఉండదు, ఎవరి పర్సనల్ ఫైళ్లూ ఉండవు. రౌటర్ మీద ఏసీఎల్ (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా) రాసి మీకు తెలిసిన సంస్థల చిరునామాల నుంచి, అవసరమైన పోర్టులకే రానిస్తారు. లాగిన్ పాస్‌వర్డ్‌తో కాదు, డిజిటల్ కీ ఫైలుతో. ట్రాఫిక్ కాపీ ఒకటి జీక్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌కి పంపితే అది పక్క నుంచి చూస్తుంది, దారికి అడ్డు పడదు. ఇదంతా ఒక పేజీలో రాసి రిజిస్ట్రార్ సంతకం తీసుకున్నాకే ఆన్ చేయండి. నోటి మాట మీద చేస్తే రేపు ఏ చిన్న ఘటన జరిగినా ముందు పీకేది మీ కేబులే.

ఇక డేటా పంపే మెషీన్. 10 గిగాబిట్ అంటే సెకనుకు 1.25 గిగాబైట్లు, ఒక్క హార్డ్ డిస్క్ 200 మెగాబైట్లు ఇస్తే గొప్ప. కాబట్టి ఎన్‌వీఎంఈ (చాలా వేగమైన ఎస్ఎస్‌డీ) వేయండి, లేదా ఎనిమిదీ పదీ డిస్కులను ఒకటిగా కలిపి వాడే రెయిడ్. తర్వాత లినక్స్‌లో టీసీపీ బఫర్ గరిష్ఠ పరిమితి పెంచాలి. ఎంత అంటే లైను వేగాన్ని వెళ్లొచ్చే సమయంతో గుణించండి: 1 గిగాబిట్, 150 మిల్లీసెకన్లకు దాదాపు 19 మెగాబైట్లు, 10 గిగాబిట్‌కి 190. ఎస్‌సీపీ అనే ఫైలు కాపీ కమాండ్‌తో పంపడం మానిపించండి, దాని లోపలి విండో చిన్నది, దూరం పెరిగేకొద్దీ చతికిలపడుతుంది. పెద్ద ఫైళ్లు పంపడానికే ఉన్న గ్లోబస్ గానీ ఒకేసారి చాలా ఫైళ్లు పంపే ఆర్‌క్లోన్ గానీ నేర్పండి. నేర్పడం అన్నది ఊరికే అనలేదు, మేము అంతా కట్టి ఆరు నెలలైనా ఇద్దరే వాడారు, మిగతావాళ్లకు అదొకటి ఉందనే తెలియదు. జీనోమ్ డేటా దించుకునే బయాలజీ వాళ్లు, ఉపగ్రహ చిత్రాలు వాడే జియాలజీ వాళ్ల దగ్గరికి మీరే వెళ్లి, వాళ్ల సొంత ఫైలే పంపి చూపించండి.

వైఫైకి యూనివర్సిటీలన్నీ పంచుకునే ఎడ్యురోమ్ అనే లాగిన్ సేవ పెట్టుకోండి, మన దేశంలో ఎర్నెట్ చూస్తుంది. మీ విద్యార్థి ఎడ్యురోమ్ ఉన్న ఇంకో యూనివర్సిటీకి వెళ్లినా మీ లాగిన్‌తోనే అక్కడ కనెక్ట్ అవుతాడు. కొత్త తరం నెట్ చిరునామాల పద్ధతి ఐపీవీ6 కూడా మొదటి రోజు నుంచే ఆన్ చేయండి, తర్వాత చేద్దాం అనుకుంటే ఆ తర్వాత రాదు.

చివరిగా, యూపీఎస్, ఎర్తింగ్, ఏసీ. వీటి గురించి ఎవరూ మాట్లాడరు, మే నెలలో మాత్రం అందరికీ గుర్తొస్తాయి. ర్యాక్ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఫైబర్ ఏ చెట్టు పక్క నుంచి ఎంత లోతులో వెళ్తోందో, ఏ కోర్ ఏ బిల్డింగుకో, తెగితే స్ప్లైసింగ్‌కి (ఫైబర్ అతికించడానికి) ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. కంప్యూటర్‌లో దాచుకుంటే నెట్ పోయిన రోజే అది తెరుచుకోదు.