పాఠం 4: గులాబి నీటికి పటిక పనిచేయదు

బాంబుల కర్మాగారం నుంచి వచ్చే గులాబి రంగు కడుగునీటిని దేనితో శుద్ధి చేయాలి అని గత పాఠం చివర అడిగాను. జవాబు రాసినవారిలో ఎక్కువమంది పటిక అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. శ్రావణంలో ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి ఎర్రనీరు దిగితే మన ఇళ్లలో చేసేది అదే: బిందెలో పటిక తిప్పడం, లేదంటే చిల్లగింజ అరగదీసి కలపడం. తెల్లవారేసరికి మడ్డి అడుగున, తేట పైన. కానీ గోదావరి ఎరుపు మట్టి రేణువులది. అవి నీటిలో తేలుతున్నాయి, కరగలేదు. పటిక వాటిని ముద్దకట్టించి దించుతుంది. బాంబుల్లో మందు నింపే కర్మాగారం కడుగునీటిలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం కరిగి ఉంటుంది, లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల దాకా. ఎంత పటిక వేసినా అది కదలదు.

దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అంటే నీటిలో కరిగినవాటిని తన సూక్ష్మరంధ్రాల్లో పట్టుకునే బొగ్గు. నీరు పారే తొట్టెలో దాన్ని నింపడం రెండో పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను. అంబాజీపేట కొబ్బరి చిప్పల బొగ్గు చాలదా అని ఇద్దరు అడిగారు. ఉత్త బొగ్గు చాలదు. 800 డిగ్రీలకు పైబడిన వేడిలో ఆవిరి పట్టించి దాని సూక్ష్మరంధ్రాలు తెరిపించాలి. అలా చేసిన చిప్పల కార్బన్ అంటే నాకు ఇష్టం, గట్టిది, కడిగినా పొడికాదు.

ఇక రంగు. "నీరు తేటబడింది, పని అయిపోయింది" అనే మాట దయచేసి మరెప్పుడూ రాయకండి. టీఎన్‌టీ నీరు మొదట దాదాపు రంగు లేకుండానే ఉంటుంది, ఎండ తగిలాకే గులాబి రంగుకు తిరుగుతుంది. నీడలో పట్టిన గ్లాసు తేటగా ఉంటే ఏదీ రుజువు కాదు. ఇదే కడుగునీటిలో ఉండగల మరో పేలుడు పదార్థం ఆర్‌డీఎక్స్‌కు ఎండలోనూ ఆ రంగు రాదు. పైగా కార్బన్ దాన్ని టీఎన్‌టీని పట్టినంత గట్టిగా పట్టదు. రెండూ ఉన్న నీటిలో ముందు జారిపోయేది ఆర్‌డీఎక్సే. గులాబి రంగు కంటపడే నాటికి అది ఎప్పుడో కాలువలో కలిసి ఉంటుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ జీవితాంతం తాగే నీటికి సూచించిన హద్దు రెండింటికీ లీటరుకు 2 మైక్రోగ్రాములు. అంత తక్కువను కన్ను పట్టలేదు, ప్రయోగశాల పరీక్షే పట్టాలి. అందుకే రెండు తొట్లను వరుసగా పెట్టి, వాటి మధ్య నుంచి నమూనా తీస్తాం. మొదటిది నిండితే రెండోది ముందుకు, కొత్తది వెనక్కు. నిండిన కార్బన్‌ను మాత్రం ఎండబెట్టకండి, తడిగానే ఉంచండి.

అభ్యాసం: తొట్టెకు 150 కిలోల కార్బన్. నిమిషానికి 15 లీటర్ల నీరు, లీటరుకు 50 మిల్లీగ్రాముల టీఎన్‌టీ, రాత్రీ పగలూ నడక. కార్బన్ తన బరువులో 8 శాతం పట్టగానే మార్చాలని పెట్టుకుందాం. మొదటి తొట్టె ఎన్నో రోజున మార్చాలి? అదే నీటిలో ఆర్‌డీఎక్స్ కూడా ఉంటే మీ జవాబును ఎందుకు నమ్మకూడదు? రెండో ప్రశ్నకు అర పేజీకి తగ్గకుండా రాయండి.