మోడల్ పంపే ముందు వెర్షన్ అడగండి

తిరుపతిలో మాకు వచ్చే పని ఎక్కువగా లాడ్జీలు, కల్యాణ మండపాలు, అపార్ట్‌మెంట్లు. వాటి కంప్యూటర్ మోడల్ మా ఆఫీసులో తయారవుతుంది. స్ట్రక్చర్ చూసే ఇంజినీర్ గారు చిత్తూరులో ఉంటారు, ఏసీ, ప్లంబింగ్ వాళ్లు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు. ఒక్కొక్కరి దగ్గర సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో వెర్షన్. ఫైల్ పంపిన కాసేపటికే "అన్నా, ఓపెన్ కావడం లేదు" అని ఫోన్ వస్తుంది. స్లాబ్ తేదీ దగ్గర పడ్డాక ఆ ఫోన్ వస్తే ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ముందు రెవిట్ సంగతి, అంటే బిల్డింగ్ 3డి మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఇందులో పాత వెర్షన్‌కి సేవ్ చేసే దారే లేదు. 2024లో సేవ్ చేసిన మోడల్ 2022లో తెరుచుకోదు. పాత ఫైల్‌ని కొత్తదాంట్లో తెరిస్తే అప్‌గ్రేడ్ అవుతుంది, సేవ్ కొట్టారంటే ఇక వెనక్కి రాదు. ఫ్యామిలీలూ (తలుపు, కిటికీ లాంటి రెడీమేడ్ భాగాల ఫైళ్లు) అంతే. అందుకే మొదటి మీటింగ్‌లోనే అందరి వెర్షన్లూ రాసుకుని, అందరి దగ్గరా ఉన్న వెర్షన్‌లోనే పని మొదలుపెట్టండి. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే ఉంచుకోవచ్చు. ప్రాజెక్ట్ మధ్యలో మాత్రం మార్చకండి. తప్పదనుకుంటే అందరూ ఒకే రోజు మారాలి, పాత కాపీ విడిగా దాచాలి.

అది కుదరనప్పుడు ఐఎఫ్‌సి ఉంది. బిల్డింగ్ మోడల్‌ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపడానికి వాడే, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఫార్మాట్ ఇది, ఐఎస్‌ఓ 16739 ప్రమాణం. రెవిట్‌లో ముందు ఒక 3డి వ్యూ చేసుకుని, ఎదుటివాళ్లకు అక్కర్లేని ఫర్నిచర్, చెట్లు దాచేయండి. ఎక్స్‌పోర్ట్‌లో ఆ వ్యూలో కనిపించేవే వెళ్లేలా టిక్ పెట్టండి. అవతలి సాఫ్ట్‌వేర్ పాతదైతే ఐఎఫ్‌సి 2×3 ఎంచుకోండి, కొత్తదైతే ఐఎఫ్‌సి 4 చాలు. కోఆర్డినేట్ల దగ్గర అందరూ ఒకే బేస్ పాయింట్ (కొలతలు మొదలయ్యే చోటు) పెట్టుకోకపోతే బిల్డింగ్ ఎక్కడో దూరంగా పడుతుంది, మోడల్ ఖాళీగా ఉందని అవతలివాళ్లు అనుకుంటారు. తెరిచేవాళ్లు తమ రెవిట్‌లో ఇన్సర్ట్ ట్యాబ్‌లో లింక్ ఐఎఫ్‌సి వాడాలి. మళ్లీ అదే పేరుతో ఫైల్ పంపితే రీలోడ్ చేసుకుంటే సరిపోతుంది. చూసుకుని పని చేసుకోవడానికి ఐఎఫ్‌సి బ్రహ్మాండం. మన మోడల్‌నే తీసుకుని మార్పులు చేస్తామంటే మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు, గోడలకు, తలుపులకు రెవిట్‌లో ఉన్న పట్టు అందులో నిలవదు. అందిన వెంటనే ఒక ఫ్లోర్‌లో కాలమ్స్ లెక్కపెట్టి, రెండు గ్రిడ్ల మధ్య దూరం కొలిచి పీడీఎఫ్‌తో సరిచూసుకోమనండి.

స్ట్రక్చర్ బలం లెక్కకట్టే ఈటాబ్స్ మోడల్‌కి దారి వేరు. కొత్త వెర్షన్ ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు గానీ, ఎక్స్‌పోర్ట్‌లో ఈ2కే టెక్స్ట్ ఫైల్ తీసి పాతదాంట్లో ఇంపోర్ట్ చేయొచ్చు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైనే ప్రోగ్రామ్ వెర్షన్ ఉన్న లైన్ కనిపిస్తుంది. ఇంపోర్ట్ మొరాయిస్తే కాపీలో ఆ అంకె మార్చి చూడండి. అనాలిసిస్ ఫలితాలు ఇందులో రావు, మళ్లీ రన్ చేయాలి. అప్పుడు మొత్తం డెడ్ లోడ్ (బిల్డింగ్ సొంత బరువు), బేస్ షియర్ (భూకంపం లాంటివాటి వల్ల అడుగున పడే అడ్డు బలం) రెండు చోట్లా ఒకటేనా, లోడ్ కాంబినేషన్లన్నీ వచ్చాయా అని చూడకుండా ఒక్క కాలమ్ కూడా డిజైన్ చేయకండి. ఇది మనుషులు ఉండే బిల్డింగ్.

డ్రాయింగ్‌లు గీసే ఆటోకాడ్‌తో ఇంత తంటా లేదు, సేవ్ యాజ్‌లో 2010 లేదా 2013 ఫార్మాట్ ఎంచుకుంటే అయిపోతుంది. వచ్చిన డీడబ్ల్యూజీ (ఆటోకాడ్ ఫైల్) ఏ ఫార్మాటో తెలియాలంటే నోట్‌ప్యాడ్‌లో మొదటి ఆరు అక్షరాలు చూడండి: ఏసీ1032 అంటే 2018, ఏసీ1027 అంటే 2013, ఏసీ1024 అంటే 2010. 3డి బొమ్మలు చేసే స్కెచప్‌లోనూ పాత వెర్షన్‌కి సేవ్ చేయొచ్చు. ఇద్దరి దగ్గరా 2021 లేదా తర్వాతి వెర్షన్ ఉంటే అదీ అక్కర్లేదు.

ఏది పంపినా ఫైల్ పేరులోనే సాఫ్ట్‌వేర్, వెర్షన్, తేదీ రాయండి. ‘ఫైనల్’, ‘న్యూ ఫైనల్’ అని పేర్లు పెడితే సైట్‌లో మేస్త్రీ చేతికి ఏ డ్రాయింగ్ వెళ్లిందో కూడా తెలియకుండా పోతుంది.